12 అంకెల ఖాతా నంబరు ఒక్కటే డీక్రిప్ట్ చేశాక చెడిపోతోంది: కేఎంఎస్‌తో చిన్న వివరాలను ఎన్‌క్రిప్ట్ చేయడంపై సందేహాలు

ప్రశ్న (జీతాలపట్టీ)

మాది ఇతర సంస్థల ఉద్యోగులకు జీతాల లెక్కలు చేసిపెట్టే చిన్న కార్యాలయం. సుమారు 3,000 మంది బ్యాంకు ఖాతా నంబర్లు, పాన్ నంబర్లు మా మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉన్నాయి. ఇంతకాలం వాటిని ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసే (కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చే) ఉంచాము గాని, ఆ కీ అదే సర్వర్‌లోని కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉండేది. బ్యాకప్ తీసినప్పుడల్లా పెట్టె, తాళంచెవి కలిసే బయటికి వెళ్తున్నాయని ఆడిటరు ఎత్తిచూపిన తర్వాత, కీని ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వారి కీలను భద్రపరిచే సేవ అయిన కేఎంఎస్‌కు మార్చాలని నిర్ణయించుకున్నాము.

ముందుగా ఏడబ్ల్యూఎస్ కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసే పనిముట్టు) నుంచి కొన్ని నమూనా నంబర్లతో ప్రయత్నించాను. ఒక పాత పాఠంలో చూపినట్టే ఎన్‌క్రిప్ట్ ఆదేశానికి ఖాతా నంబరును నేరుగా ఇచ్చాను. 12 అంకెల నంబరు ఏ ఇబ్బందీ లేకుండా ఎన్‌క్రిప్ట్ అయింది. అదే కమాండ్ లైన్‌లో డీక్రిప్ట్ చేస్తే (తిరిగి విప్పితే) అవే 12 అంకెలు తిరిగి వచ్చాయి. కాని ఆ విలువనే పైథాన్ ప్రోగ్రామ్ నుంచి డీక్రిప్ట్ చేస్తే 9 బైట్ల అర్థంలేని డేటా వస్తోంది, దానిని యూటీఎఫ్-8గా (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చదవబోతే యూనికోడ్ దోషం అంటోంది. ఇంకా విచిత్రమేమిటంటే, 11 అంకెల ఖాతా నంబర్లనూ 10 అక్షరాల పాన్ నంబర్లనూ కమాండ్ లైన్ మొదట్లోనే తిరస్కరిస్తోంది. ఒకే కీ, ఒకే రీజియన్ (ఏడబ్ల్యూఎస్ సర్వర్లు ఉన్న ప్రాంతం); మరి అంకెల సంఖ్యను బట్టి ఫలితం ఎందుకు మారుతోంది?

దీనితోపాటు మరో రెండు సందేహాలు. ఇంత చిన్న విలువలకు ఎన్‌క్రిప్ట్ సేవను నేరుగా పిలవవచ్చా, లేక డేటా కీ (కేఎంఎస్ మనకు ఇచ్చే వేరే కీ) తెచ్చుకొని మా ప్రోగ్రామ్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసుకోవాలా? ఒకే ఖాతా నంబరును రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేస్తే రెండు వేర్వేరు విలువలు వస్తున్నాయి కాబట్టి, ఒకే ఖాతా ఇద్దరు ఉద్యోగుల పేర్ల మీద ఉన్నదేమో పట్టుకోవడం ఎలా?

జవాబు 1 (తాళంచెవి)

మొదటి సందేహానికి మూలం కీలో లేదు, బేస్64లో (బైట్లను మామూలు అక్షరాలు, అంకెలతో రాసే పద్ధతి) ఉంది. కమాండ్ లైన్ 1వ వెర్షన్ మీరు ఇచ్చిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకునేది. 2వ వెర్షన్ మాత్రం, మీరు వేరే విధంగా చెప్పకపోతే, ఇచ్చినది ఇప్పటికే బేస్64 రూపంలో ఉందని అనుకొని దానిని విప్పిన తర్వాతే కేఎంఎస్‌కు పంపుతుంది. బేస్64లో ప్రతి 4 అక్షరాలు 3 బైట్లకు సమానం. 12 అంకెలు నాలుగుతో నిశ్శేషంగా భాగించబడతాయి, 0 నుంచి 9 వరకు అంకెలన్నీ బేస్64లో చెల్లే అక్షరాలే. అందువల్ల మీ ఖాతా నంబరును అది 9 బైట్లుగా విప్పి, ఆ 9 బైట్లనే ఎన్‌క్రిప్ట్ చేసింది. ఉదాహరణకు 1234 అనే నాలుగంకెలను విప్పితే వచ్చే మూడు బైట్లలో మొదటి రెండూ యూటీఎఫ్-8లో పక్కపక్కన ఉండకూడనివి, పైథాన్ ఫిర్యాదు చేసినది సరిగ్గా అలాంటి వాటి గురించే. 11 అక్షరాలు గాని 10 అక్షరాలు గాని నాలుగుతో భాగించబడవు కాబట్టి వాటిని తిరస్కరించింది. నిజానికి ఆ తిరస్కరణే మీకు మేలు చేసింది. మీ నమూనాలన్నీ 12 అంకెలవే అయివుంటే ఈ పొరపాటు చాలాకాలం బయటపడేది కాదు.

కమాండ్ లైన్‌లో డీక్రిప్ట్ చేసినప్పుడు అవే అంకెలు తిరిగి రావడానికి కారణం, అది ఫలితాన్ని మళ్ళీ బేస్64లోనే చూపించడం. ఆ పాత పాఠంలో డీక్రిప్ట్ తర్వాత బేస్64 విప్పే మెట్టు ఒకటి ఉండే ఉంటుంది. నంబరు సరిగ్గానే కనిపించింది కదా అని దానిని మీరు వదిలేసి ఉంటారు.

పరిష్కారంగా విలువను ఒక ఫైల్లో ఉంచి, ఫైల్‌బీ అనే ఉపసర్గతో ఆ ఫైలు దారిని ఇవ్వండి. ఆదేశంలోనే నంబరు రాస్తే అది షెల్ హిస్టరీలో మిగిలిపోతుంది కాబట్టి, బేస్64 గొడవ లేకపోయినా ఇదే మంచి పద్ధతి. ఫైలు చివర కొత్త లైను గుర్తు చేరకుండా చూసుకోండి, లేకపోతే 12 అంకెలు 13 బైట్లవుతాయి. పైథాన్ లైబ్రరీ బైట్లనే తీసుకొని బైట్లనే తిరిగి ఇస్తుంది కాబట్టి అక్కడ ఈ సమస్య రాదు.

ఇక రెండో సందేహం: మీ పరిమాణానికి నేరుగా ఎన్‌క్రిప్ట్ పిలవడమే సరైనదని నా అభిప్రాయం. సిమెట్రిక్ కీతో (ఎన్‌క్రిప్ట్‌కూ డీక్రిప్ట్‌కూ ఒకటే కీ) ఒకసారికి 4,096 బైట్ల వరకు పంపవచ్చు. ఇది బైట్ల లెక్క, అక్షరాల లెక్క కాదని గుర్తుంచుకోండి: 'లక్ష్మి' అనే పేరు కంటికి రెండక్షరాలే గాని యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. నెలకు ఒకసారి 3,000 మంది రెండేసి వివరాలు డీక్రిప్ట్ చేసినా 6,000 పిలుపులే. నెలకు 20,000 వరకు ఉచితం, మీరు సృష్టించుకున్న కీకి నెలకు ఒక డాలరు. ఖాతా, పాన్ రెండింటినీ ఒకే జేసాన్‌గా (పేరు-విలువ జతల పాఠంగా) చేసి ఎన్‌క్రిప్ట్ చేస్తే పిలుపులు సగానికి తగ్గుతాయి.

జవాబు 2 (పాతసర్వర్)

తాళంచెవి గారి లెక్కతో ఏకీభవిస్తూనే, నేరుగా పిలవడంలో ఒక లోటు చెప్పాలి: కేఎంఎస్ అందని రోజున ఒక్క ఖాతా నంబరు కూడా చదవలేరు. డేటా కీని కాసేపు మెమరీలో ఉంచుకునే పద్ధతిలో కొంత వెసులుబాటు ఉంటుంది. అయితే నెలకు ఒకసారి నడిచే పనికోసం ఆ అదనపు కోడ్ మొత్తాన్ని మోయాలని నేను కూడా చెప్పను.

అంతకంటే ముఖ్యమైన విషయాన్ని ఇద్దరూ ప్రస్తావించలేదు. మీ డేటాబేసులో రాయగలిగిన ఒక వ్యక్తి, తన ఖాతాకు చెందిన ఎన్‌క్రిప్టెడ్ విలువను యథాతథంగా తీసుకొని మరొక ఉద్యోగి వరుసలో అతికించాడనుకోండి. కీ అతనికి అక్కరలేదు, ఏ నంబరునూ చదవనక్కరలేదు. నెలాఖరున ఆ ఉద్యోగి జీతం అతని ఖాతాలో పడుతుంది. దీనిని అడ్డుకోవడానికే ఎన్‌క్రిప్షన్ కాంటెక్స్ట్ ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు ఉద్యోగి గుర్తింపు సంఖ్యను కాంటెక్స్ట్‌గా ఇస్తే, డీక్రిప్ట్‌కు కూడా అక్షరం పొల్లు పోకుండా అదే ఇవ్వాలి. వేరే వరుసలో అతికించిన విలువ ఇక తెరుచుకోదు. ఈ కాంటెక్స్ట్ రహస్యం కాదు, ఏడబ్ల్యూఎస్ పిలుపులను నమోదు చేసే క్లౌడ్‌ట్రయిల్ లాగ్‌లో అందరికీ అర్థమయ్యే రూపంలోనే నమోదవుతుంది కాబట్టి అందులో పాన్ నంబరు పెట్టే పని చేయకండి.

దీనిలో నేను తిన్న దెబ్బ కూడా చెబుతాను. నేను ఇదివరకు పనిచేసిన చోట ఉద్యోగి సంఖ్య 0457 రూపంలో ఉండేది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు ఎవరో ఆ గడిని పూర్ణాంకంగా మార్చారు, 0457 కాస్తా 457 అయింది, వెయ్యిలోపు సంఖ్య ఉన్న పాత ఉద్యోగుల వివరాలన్నీ ఒక్కసారిగా తెరుచుకోవడం మానేశాయి. పాత బ్యాకప్‌లోని సంఖ్యల పట్టికతో సరిచేసుకునేసరికి రెండు రాత్రులు గడిచాయి. కాంటెక్స్ట్‌కు ఎప్పటికీ మారని అంతర్గత ఐడీనే వాడండి.

గడి వెడల్పు కూడా చూసుకోండి. 12 బైట్ల నంబరు ఎన్‌క్రిప్ట్ అయ్యాక 150 బైట్లు దాటుతుంది, బేస్64లో రాస్తే 200 అక్షరాలకు పైమాటే. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను తిరస్కరించే అమరిక) ఆపివేసిన పాత మైఎస్‌క్యూఎల్ అయితే పట్టని భాగాన్ని కత్తిరించి, ఒక హెచ్చరికతో సరిపెట్టి ఊరుకుంటుంది. ప్రతి విలువ మొదటి భాగంలో కీ వివరాలే ఉంటాయి గనుక వరుసలన్నీ ఒకేలా మొదలవుతాయి, కత్తిరింపు పైచూపుకు తెలియదు. 512 బైట్ల వార్‌బైనరీ (బైట్లను ఉన్నవి ఉన్నట్టు దాచే రకం) గడి పెట్టుకుంటే నిశ్చింత.

జవాబు 3 (తాళంచెవి)

పాతసర్వర్ గారు చెప్పిన అతికింపు ప్రమాదం నేను మరచిన మాట నిజం. దానికి తోడుగా అనుమతులను కూడా విడదీయండి: వివరాలు నమోదు చేసే వెబ్ పేజీకి ఎన్‌క్రిప్ట్ అనుమతి మాత్రమే, బ్యాంకుకు చెల్లింపుల ఫైలు తయారుచేసే పనికి మాత్రమే డీక్రిప్ట్ అనుమతి. తెరపై చూపడానికి చివరి నాలుగంకెలు వేరే గడిలో ఉంచుకుంటే చాలు.

ఒకే ఖాతా రెండు పేర్ల మీద ఉన్నదేమో చూడటానికి చాలామంది ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (విలువ నుంచి లెక్కించే గుర్తు) సరిపోతుందని అనుకుంటారు, సరిపోదు. 11 అంకెల నంబర్లు మొత్తం కలిపినా 10 వేల కోట్లే. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు వాటన్నింటినీ లెక్కించడానికి ఎక్కువసేపు పట్టదు. హ్యాష్‌కు బదులు కేఎంఎస్‌లోనే హెచ్‌మ్యాక్ కీ (రహస్య కీ కలిపి హ్యాష్ లెక్కించడానికి వాడేది) సృష్టించుకొని (2022 నుంచి ఈ వీలుంది), దానితో వచ్చే 32 బైట్ల విలువను మరొక గడిలో ఉంచి, ఆ గడిపై ఇండెక్స్ పెట్టండి. ఒకే ఖాతాకు ఎప్పుడూ ఒకే విలువ వస్తుంది, కీ లేనివారు దానిని లెక్కించలేరు. లెక్కించే ముందు ఖాళీలు, గీతలు తీసివేసే నియమాన్ని మొదటి రోజే స్థిరపరచుకోండి.

మీ పట్టికలో ఆధార్ నంబర్లు కూడా ఉంటే వాటి సంగతి వేరు. వాటిని ప్రత్యేకమైన ఆధార్ డేటా వాల్ట్‌లో ఉంచి, మిగతా చోట్ల రిఫరెన్స్ కీనే (ఆధార్‌కు బదులు వాడే గుర్తు) వాడాలని ఆధార్ సంస్థ యూఐడీఏఐ 2017లోనే ఆదేశించింది.

జీతాలపట్టీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫైలు ద్వారా ఇచ్చి చూశాను, 11 అంకెలూ 12 అంకెలూ పైథాన్‌లో సరిగ్గా వస్తున్నాయి. ఆధార్ మేము తీసుకోవడం లేదు. చివరిగా ఒక్క సంగతి: కీని హైదరాబాద్ రీజియన్‌లో సృష్టించాము, బ్యాకప్ ముంబైలో ఉంటుంది. అవసరమైతే అక్కడ డీక్రిప్ట్ చేయగలమా? ఏటా కీ మార్పు పెట్టుకుంటే పాత విలువలన్నీ మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేయాలా?

జవాబు 4 (పాతసర్వర్)

కీ మార్పు గురించి బెంగ వద్దు. కేఎంఎస్ తానే మార్చినప్పుడు పాత కీ పదార్థాన్ని కూడా భద్రపరుస్తుంది, పాత విలువలు ముందులాగే తెరుచుకుంటాయి. కీని తొలగించడం మాత్రం తిరుగులేని పని: 7 నుంచి 30 రోజుల గడువు ఇస్తారు, అది దాటితే ఆ విలువలను ఎవరూ తెరవలేరు. అందువల్ల తొలగించే అనుమతిని ప్రోగ్రామ్‌లకు ఇవ్వకండి.

రీజియన్ విషయంలో మీరు వెంటనే ఆగి ఆలోచించాలి. మామూలు కీ పుట్టిన రీజియన్ దాటదు. హైదరాబాద్ సర్వర్లు అందకపోతే ముంబైలోని మీ బ్యాకప్ ఎందుకూ కొరగాదు. రెండు చోట్లా పనిచేసే మల్టీ రీజియన్ కీ ఉంది గాని, దానిని సృష్టించేటప్పుడే అలా కోరుకోవాలి, ఇప్పుడున్న కీని తర్వాత మార్చడం కుదరదు. 3,000 వరుసలు ఇంకా ఎక్కించలేదు కాబట్టి కొత్త కీతోనే మొదలుపెట్టండి. ఇప్పటికే ఎక్కించినవి ఉంటే రీఎన్‌క్రిప్ట్ పిలుపుతో, అసలు నంబరు మీ సర్వర్‌కు రాకుండానే, కొత్త కీ కిందికి మార్చుకోవచ్చు. హెచ్‌మ్యాక్ కీని కూడా అలాగే మల్టీ రీజియన్‌గా సృష్టించండి, ఎందుకంటే ఆ విలువలను కొత్త కీ కిందికి మార్చే పిలుపు ఏదీ లేదు.