విమానంలోంచి కెమెరా తిప్పిన ఎల్మర్ డయ్యర్ పద్ధతులు ఎవరికైనా తెలుసా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పెళ్లిళ్లకు డ్రోన్ షూట్ చేస్తుంటాను. మొన్న మైపాడు బీచ్‌లో సముద్రపు గాలికి డ్రోన్ ఊగిపోయి, పెళ్లికొడుకు తల సగం ఫ్రేమ్ బయటకు పోయింది. కెమెరా ఊగకుండా పట్టి ఉంచే గింబల్ ఉండి కూడా ఈ అవస్థ! అప్పుడే ఈ డయ్యర్ గుర్తొచ్చాడు.

1930లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'హెల్స్ ఏంజెల్స్'కి ఆకాశంలో సీన్లు తీసినవాళ్లలో ఆయన ఒకరు. 1943 నాటి 'ఎయిర్ ఫోర్స్'కి మరో ఇద్దరితో కలిసి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. పైకప్పు లేని విమానం, ముఖాన కొట్టే గాలి, బరువైన 35 ఎం.ఎం. కెమెరా. ఏం తీశారో ల్యాబ్‌లో ఫిల్మ్ కడిగాక గానీ తెలియదు. నేను ఫోన్‌లో చూసుకుంటూ తీస్తూ కూడా టెన్షన్ పడతాను.

'హెల్స్ ఏంజెల్స్' తీసేటప్పుడు దాని దర్శకుడు హోవర్డ్ హ్యూస్ మబ్బుల కోసం నెలల తరబడి ఆగాడట. పిచ్చి కాదు అది. వెనక మబ్బు లేకపోతే విమానం కదులుతున్నట్టే ఉండదు. పెన్నా మీద కొంగల్ని తీసినప్పుడు నాకూ అదే అనుభవం.

ఇంతకీ నా ప్రశ్న: కెమెరాను విమానం బాడీకే బిగించేవారా, స్టాండు మీద పెట్టి చేత్తో తిప్పేవారా? ఇంజిన్ అదురు ఫిల్మ్‌లోకి రాకుండా కింద ఏం వేసేవారు, రబ్బరా, స్ప్రింగులా? మద్రాసు స్టూడియోల్లో పనిచేసిన పెద్దలెవరైనా ఉంటే చెప్పండి సార్. కావలి, ఒంగోలు వైపైతే బండేసుకుని నేనే వస్తాను.