విశాఖ నుంచి హర్ కీ దూన్ నడక: నలుగురి కుటుంబానికి సలహాలు కావాలి

ప్రశ్న (మధురవాడ నుంచి)

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో నేను, మా వారు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, మా తమ్ముడు కలిసి ఉత్తరాఖండ్‌లోని గోవింద్ జాతీయ ఉద్యానవనంలో ఉన్న హర్ కీ దూన్ లోయకు నడిచి వెళ్లాలని నిశ్చయించుకున్నాము. రైల్లో ఢిల్లీకీ, అక్కడి నుంచి డెహ్రాడూన్‌కూ, మర్నాడు రోడ్డు మార్గాన సాంక్రికీ చేరుకుంటాము. ఆ మరుసటి ఉదయం జీపులో తాలుకా అనే ఊరి వరకు వెళ్లి, అక్కడి నుంచి నడిచి ఓస్లాలో రాత్రి బస చేసి, తర్వాతి రోజు హర్ కీ దూన్ చూసుకుని ఓస్లాకే తిరిగి వచ్చి, నాలుగో రోజుకు సాంక్రి చేరాలన్నది మా ఆలోచన. మేమందరం రోజూ బీచ్ రోడ్డులో నడిచేవాళ్లమే. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ పూర్తి చేసినవాళ్లమే. మా వారు రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు. ఈ అలవాటు ఆ నడకకు సరిపోతుందా, గైడు లేకుండా వెళ్లవచ్చా, చలికి ఏమేమి సిద్ధం చేసుకోవాలి అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

జవాబు (సీతమ్మధార నుంచి)

మేడమ్, గిరిప్రదక్షిణ పూర్తి చేసిన కాళ్లకు ఓపిక ఉన్నట్టే, అందులో సందేహం లేదు. అయితే అది చాలావరకు చదునైన రోడ్డు మీద, వీపున బరువు లేకుండా, ఒక్కసారి నడిచే దూరం. ఇక్కడ రాళ్లూ వేళ్లూ నిండిన బాట మీద వరుసగా మూడు నాలుగు రోజులు నడవాలి, మొదటి రోజు పట్టిన నొప్పి తగ్గకముందే రెండో రోజు మళ్లీ బయలుదేరాలి. కనుక ఇప్పటి నుంచే శని, ఆదివారాలు రెండు రోజులూ వరుసగా నడవండి. సింహాచలం మెట్ల దారిన ఆరేడు కిలోల సంచి తగిలించుకుని ఎక్కడమే కాక, బస్సు ఎక్కకుండా అదే దారిన దిగండి కూడా. మోకాళ్లను అసలు పరీక్షించేది దిగుడే, ఆ సంగతి ఇంటికి దగ్గరలోనే తేలిపోవడం మంచిది. మీకు కంబాలకొండ దగ్గరే కాబట్టి అక్కడి మట్టిబాటలు కూడా చీలమండలకు మంచి సాధన.

ఇక ఎత్తు విషయానికి వస్తే, దానికి మన దగ్గర సాధన చేసే చోటే లేదు. మన ప్రాంతపు తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన జింధగడ శిఖరమే సుమారు 1,690 మీటర్లు. మీరు నడకకు ముందు బస చేసే సాంక్రి గ్రామమే సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంది. ఓస్లా దాదాపు 2,600, హర్ కీ దూన్ దాదాపు 3,560 మీటర్లు. మూడున్నర వేల మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులకు పడిపోతుంది, అంటే ప్రతి ఊపిరికీ అందే ప్రాణవాయువు కూడా అంతే తగ్గుతుంది. రోజూ ఎంత నడిచినా ఈ లోటు తీరదు, రోజులు ఇచ్చి శరీరాన్ని అలవాటు పడనిస్తేనే తీరుతుంది. సముద్రం ఒడ్డున ఉండే మనలాంటివాళ్లు ప్రణాళిక వేసుకునేటప్పుడు కిలోమీటర్ల కంటే రాత్రులను ముందుగా లెక్కపెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మీ ప్రణాళికలో నాకు కలవరం కలిగించింది మూడో రోజు. ఓస్లా నుంచి హర్ కీ దూన్‌కు పోనూ రానూ కలిపి ఇరవై కిలోమీటర్లకు పైగా ఉంటుంది, మధ్యలో దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కి మళ్లీ దిగాలి. అక్టోబరులో పగలు చిన్నది, కొండల నడుమ లోయలో ఎండ ఇంకా ముందే తగ్గిపోతుంది, అలసిన కాళ్లతో చీకట్లో దిగవలసి వస్తుంది. ఓస్లాకూ హర్ కీ దూన్‌కూ మధ్యలో కల్కతియాధార్ దగ్గర గుడారాలు వేసుకునే అలవాటు ఉంది. ఒక రాత్రి అక్కడ ఉండి, తెల్లవారి పైకి వెళ్లి చూసుకుని దిగివస్తే ఆ రోజు సుఖంగా గడుస్తుంది. పైన పచ్చికమైదానంలోనే గుడారం వేసుకుందామని మాత్రం అనుకోవద్దు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో, అంటే ఆ ఎత్తయిన పచ్చికబయళ్లలో, రాత్రి బసను నిషేధించింది. ప్రస్తుతం ఎక్కడ ఉండనిస్తున్నారో నెట్వాడ్‌లోని అటవీశాఖ చెక్‌పోస్టులో అనుమతి తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి.

సాంక్రిలో కూడా అదనంగా ఒక రోజు ఆగండి. డెహ్రాడూన్ నుంచి అక్కడికి దాదాపు 200 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పగలంతా పడుతుంది. పొద్దుపోయాక కొండదారుల్లో బస్సులు తిరగవు కాబట్టి డెహ్రాడూన్‌లో ఒక రాత్రి ఎలాగూ తప్పదు. దారిలో పురోలాలోనే నగదు తీసుకుని పెట్టుకోండి, ఆపైన ఏటీఎం మీద ఆశ పెట్టుకోకండి.

జవాబు (ఎం.వి.పి. కాలనీ నుంచి, వృత్తిరీత్యా వైద్యుడిని)

పైన చెప్పినదంతా సబబుగానే ఉంది. మూడు వేల మీటర్లు దాటిన తరువాత పడుకునే ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎత్తు పెంచకుండా ఆగడం అన్నది వైద్యులు సాధారణంగా సూచించే పద్ధతి. మీరు పడుకునే చోట్లు దాదాపు మూడు వేల మీటర్ల లోపే ఉంటాయి కాబట్టి, సవరించిన ప్రణాళిక ప్రకారం వెళ్తే ప్రమాదం తక్కువే. అయినా తలనొప్పితోపాటు వికారం, కళ్లు తిరగడం, అన్నం సహించకపోవడం, అసాధారణమైన నీరసం వీటిలో ఏదైనా కనిపిస్తే, అది ఎత్తు వల్ల కాదని రుజువయ్యేదాకా ఎత్తు వల్లనే అని భావించి అక్కడే ఆగిపోవాలి. పడుకున్నా తగ్గకపోతే కిందికి దిగాలి.

రెండు లక్షణాలను మాత్రం క్షణం కూడా ఉపేక్షించకూడదు. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం ఉండటం, దానితోపాటు దగ్గు, కఫంలో నురగ కనిపించడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదని సూచన. రెండవది నడక తడబడటం. అనుమానం వస్తే నేల మీద ఒక తిన్నని గీత గీసి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ పది అడుగులు వేయమనండి. పక్కకు ఒరిగినా, చేతులు చాచి నిలదొక్కుకోవలసి వచ్చినా మెదడు మీద ప్రభావం పడినట్టే. ఈ రెంటిలో ఏది కనబడినా రాత్రయినా సరే, వాన పడుతున్నా సరే, ఒంటరిగా పంపకుండా తోడు ఉండి వెంటనే దించాలి. వేలికి తగిలించే ఆక్సీమీటరులో అంకె బాగానే ఉందని లక్షణాలను పక్కన పెట్టవద్దు.

ఎత్తుకు ముందుగా వేసుకునే అసెటజోలమైడ్ మాత్రను చాలామంది దుకాణంలో అడిగి కొనేసుకుంటారు. సల్ఫా మందులు పడనివారు దాని జోలికి వెళ్లకూడదు. మీ వారు వేసుకునే రక్తపోటు మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంటే, దీనితో కలిసినప్పుడు ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోయే అవకాశం ఉంది. కనుక ఆయనను చూస్తున్న డాక్టరు గారికి మాత్ర పేరు చూపించి, ఎత్తుకు వెళ్తున్నట్టు చెప్పి, వారి సలహా ప్రకారమే చేయండి. రోజూ వేసుకునే మాత్రను ప్రయాణంలో మానకూడదు, రెండు పూర్తి మోతాదుల సెట్లు రెండు వేరు సంచుల్లో పెట్టుకోవాలి.

ప్రశ్నించిన వారు (మధురవాడ)

డాక్టరు గారికీ, సీతమ్మధార వారికీ ఎంతో కృతజ్ఞతలు. ఒక రోజు సాంక్రిలో, ఒక రాత్రి కల్కతియాధార్‌లో కలుపుతున్నాము. గైడు విషయం, వంట విషయం కూడా ఎవరైనా చెప్పగలరా? పైన వేడివేడి పప్పన్నం చేసుకుందామని మా తమ్ముడి కోరిక. అలాగే సిగ్నల్ ఉండదని అమెరికాలో ఉన్న మా మరిది ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే గార్మిన్ పరికరం ఒకటి పంపిస్తానంటున్నాడు.

జవాబు (గాజువాక నుంచి)

అమ్మా, ముందుగా ఆ పరికరం సంగతి. దయచేసి పంపవద్దని మీ మరిది గారికి ఈ రోజే చెప్పండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లనూ, అటువంటి సందేశ పరికరాలనూ మన దేశంలోకి తేవడం, వాడటం నేరం. విమానాశ్రయంలో తనిఖీలోనే పట్టుబడవచ్చు. అత్యవసరానికి 112 ఉంది. కానీ సాంక్రి దాటాక ఫోను పలుకుతుందన్న భరోసా లేదు కాబట్టి, ఏ రోజు ఎక్కడ ఉంటారో, ఏ రోజు సాయంత్రానికి సాంక్రి చేరతారో కాగితం మీద రాసి ఒకటి బస చేసిన చోట, ఒకటి విశాఖలో మీ వాళ్ల దగ్గర ఉంచండి. ఫలానా గంట వరకు కబురు రాకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులో ఉండాలి.

ఈ కారణంగానే గైడు తప్పనిసరి అని నేను అంటాను. బాట స్పష్టంగానే ఉంటుంది, దారి తప్పిపోతారన్న భయంతో చెప్పడం లేదు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఒకరు తోడుగా దిగాలి, మిగతా ఇద్దరితో ఒకరు ఉండాలి, కంచరగాడిదను ఎవరి ఊళ్లో అడగాలో తెలిసినవారు కావాలి. సాంక్రి, ఓస్లా గ్రామాల వారినే పెట్టుకుంటే ఆ డబ్బు కూడా ఆ లోయలోనే ఉంటుంది. బేరం కుదుర్చుకునేటప్పుడే ఒక మాట స్పష్టంగా చెప్పండి: వాతావరణం చెడితే వెనుదిరుగుదామని ఆయన అన్న క్షణాన మీరు ఎదురు చెప్పరని. 2024 జూన్‌లో ఇదే ఉత్తరకాశీ జిల్లా పరిసరాల్లో సహస్రతాల్ దారిలో మంచు తుపానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వచ్చిన తొమ్మిదిమంది ప్రాణాలు కోల్పోయారు. జూన్ నెలలో కూడా అంత ఎత్తున అలా జరుగుతుంది.

బట్టల విషయంలో మన అలవాటు మనకు అడ్డు వస్తుంది. ఇక్కడ హాయినిచ్చే నూలు బట్టలు అక్కడ చెమటకు తడిసి ఆరవు, గాలి తగిలితే ఒళ్లు చల్లబడిపోతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అక్టోబరు రాత్రుల్లో పైన సున్నాకు దిగువకు వెళ్లడం మామూలే. కాబట్టి ఒంటికి ఆనుకుని త్వరగా ఆరే పలుచని బనియను, దాని మీద ఫ్లీసు లేదా ఉన్ని స్వెట్టరు, పైన గాలీ వానా ఆపే జాకెట్టు, ఆగినప్పుడు వేసుకోవడానికి దళసరి జాకెట్టు ఉండాలి. జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. పడుకునేటప్పుడు వేసుకునే పొడి బట్టల జత ఒకటి ప్లాస్టిక్ కవరులో కట్టి, నడిచేటప్పుడు ఎంత చలేసినా విప్పకుండా ఉంచుకోండి.

బూట్లు కొత్తవి కొని నేరుగా తీసుకుపోవద్దు, కనీసం నెలన్నర ముందు కొని మన మెట్ల మీద అరగదీయండి. కొనేటప్పుడు లేసు కట్టకుండా పాదాన్ని ముందుకు తోసి, మడమ వెనుక ఒక వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూడండి. లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. మడమ మీద ఎక్కడైనా వెచ్చగా, ఒరుసుకుంటున్నట్టు అనిపిస్తే సాయంత్రం చూద్దాంలే అనుకోకుండా అక్కడే కూర్చుని, మేజోడు విప్పి, చర్మం తుడిచి ఆరనిచ్చి, ముడతలు పడకుండా అంటుకునే టేపు వేయండి. బొబ్బ వచ్చాక వేసే టేపుకు అంత ఫలితం ఉండదు.

పప్పు కోరిక మంచిదే కానీ, మూడున్నర వేల మీటర్ల దగ్గర నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కరు లేకపోతే కందిపప్పు గంటలు గడిచినా ఉడకదు. గైడు బృందం దగ్గర కుక్కరు ఉంటుందో లేదో అడగండి. మీ వంతుగా అటుకులు, వేయించిన రవ్వ, పులిహోర పేస్టు, కారప్పొడి, పల్లీ చెక్కలు, బెల్లం, ఓఆర్‌ఎస్ పొట్లాలు తీసుకువెళ్తే చాలు. ఎత్తులో ఆకలి మందగించినప్పుడు నోటికి తెలిసిన రుచి అయితేనే నాలుగు ముద్దలు దిగుతాయి. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా పైన గొర్రెలూ గాడిదలూ తిరుగుతాయి కాబట్టి, మూడు నిమిషాలు తెర్లేదాకా కాచి తాగండి. గ్యాసు డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు. తిరుగు ప్రయాణం విమానంలో అయితే పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

ప్రశ్నించిన వారు (మధురవాడ)

చాలా స్పష్టత వచ్చిందండీ. మా వారిని ఈ వారమే డాక్టరు గారికి చూపిస్తున్నాము, పరికరం వద్దని మరిదికి చెప్పేశాను. చివరిగా ఒకటి: తిరుగు రైలు టికెట్టు సాంక్రి చేరిన మర్నాటికే ఉంది. మార్చుకోవాలా?

జవాబు (సీతమ్మధార నుంచి)

మార్చుకోండి మేడమ్. కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయినా, దారిలో ఒక రోజు వాన పట్టినా ఆ టికెట్టు మిమ్మల్ని తొందరపెడుతుంది, తొందరలోనే పొంగే వాగును మధ్యాహ్నం దాటడానికి ప్రయత్నిస్తారు. పైన మంచు కరిగే కొద్దీ వాగుల్లో నీరు సాయంత్రానికి పెరుగుతుంది కాబట్టి, వంతెన లేని చోట తెల్లవారి దాటడమే క్షేమం. దాటే ముందు సంచి నడుము పట్టీ విప్పేసుకోవాలి, జారితే సంచిని వదిలించుకోవడానికి వీలుంటుంది. డెహ్రాడూన్‌లో రెండు రోజులు ఖాళీ ఉంచుకుని టికెట్టు చేయించండి. అవి మిగిలితే అటవీ పరిశోధన సంస్థ మ్యూజియం చూసుకుని రావచ్చు, మీ అమ్మాయికి నచ్చుతుంది.