సంక్రాంతి నాటిక: స్కూలు ఆడిటోరియం పర్మిట్ రద్దు, చేతిలో 9 రోజులే (అమెరికాలో మన తెలుగువాళ్ల సంఘం గ్రూపులో మాటలు)

మాధవి (గురువారం, 8 జనవరి, ఉదయం 9:40)
17వ తేదీ శనివారానికి మిగిలినవి:
1. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, 10 లక్షల డాలర్లది, స్కూలు పేరు కూడా చేర్చి (రఘు)
2. గారెలు 440. కిలో మినప్పప్పుకి 50 లెక్కన 9 కిలోలు
3. నాటిక లైట్ క్యూలు (లైట్లు ఎప్పుడు మార్చాలో) 31, కాగితం మీద (శ్రీను)
4. భోగిపళ్లకి రేగుపళ్లు

ఇది టైప్ చేస్తుండగానే స్కూలు మెయిల్ వచ్చింది. పర్మిట్ రద్దు. మన ఫ్లయర్ జతచేసి "ఇది ఇండియా పార్టీ మీటింగ్" అని ఎవరో వాళ్లకి రాశారట. మనం తీసుకున్నది సాంస్కృతిక కేటగిరీ. రాజకీయ కార్యక్రమమైతే వేరే దరఖాస్తు, 30 రోజుల ముందు. అడ్వాన్స్ 400 డాలర్లు వెనక్కిస్తారు.

రఘు (9:55)
టాక్స్ మినహాయింపు గురించి ఎవరూ కంగారు పడొద్దు. మనలాంటి 501సి3 (పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని) సంస్థకి నిషేధం ఫలానా అభ్యర్థిని గెలిపించండి, ఓడించండి అనడం మీద. నాటికలో పార్టీ ఫిరాయింపు మీద జోకు వేస్తే అది ప్రచారం కాదు. కానీ ఈ వాదన స్కూలు దగ్గర నడవదు. వాళ్లది అద్దె ఒప్పందం, మనం సంతకం పెట్టాం. పోట్లాడి గెలిచేసరికి ఉగాది వస్తుంది.

ప్రసాద్ (10:20)
ఫ్లయర్ చూసినవాడెవడైనా అదే అనుకుంటాడు. 1983 నుంచి 2083కి వెళ్లే టైమ్ మెషీన్ అంట. అది సైకిలంట. 1983 జనవరిలో ఎవరు ముఖ్యమంత్రి అయ్యారో ఇక్కడ తెలియనివాళ్లు లేరు. పైగా సైకిల్ పైన, ఫ్యాన్ వెనక.

శ్రీను (10:31)
ఫ్యాన్ ప్రొపెల్లర్ అన్నా. ప్రొపెల్లర్ వెనకే ఉంటుంది. ఇంధనం గ్లాసుడు టీ, దానికీ పేరు పెట్టు.

ప్రసాద్ (10:34)
పెట్టేదేముంది, పెట్టే ఉంది కదా. గ్లాసు కూడా పార్టీ గుర్తే.

శ్రీను (10:52)
అయితే స్టేజీ మీద ఏం పెట్టమంటావు? కారు వద్దు, చెయ్యి ఊపొద్దు, పువ్వు పెట్టుకోవద్దు, ఏనుగు వద్దు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినా గుర్తే. ఎన్నికల సంఘం ఫ్రీ సింబల్స్‌లో ప్రెషర్ కుక్కర్, క్యాలీఫ్లవర్ కూడా ఉన్నాయి. వంటింట్లోకి పోయినా తప్పించుకోలేం.
నాటికలో ఏ పార్టీ పేరూ లేదు. సైన్స్ ఫిక్షన్‌లో ఒక్కటి మార్చాలి, మిగతాదంతా ఉన్నట్టే ఉంచాలి. మార్చింది ఊరు: అసెంబ్లీ అంగారకుడి మీదికి పోయింది. అక్కడి నుంచి సిగ్నల్ రావడానికి గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. పార్టీ మారిన ఎమ్మెల్యే అనర్హత పిటిషన్ మీద తీర్పుకి మాత్రం ఐదేళ్లు. అది కల్పన కాదు, రాజ్యాంగం పదో షెడ్యూలులో (ఫిరాయింపుల నిరోధక చట్టం) స్పీకరుకి గడువే రాయలేదు. జనం నవ్వేది అక్కడే. అది తీసేస్తే మిగిలేది వెండి కాగితం హెల్మెట్లు.

ప్రసాద్ (11:05)
నవ్వేది సగం మంది. మిగతా సగం వచ్చే ఏడాది మెంబర్‌షిప్ కట్టరు. రాసేవాడికి ఆ లెక్క ఉండదు.

శ్రీను (11:07)
స్కూలుకి మెయిల్ ఎవరు రాశారో కూడా లెక్క తేల్చుదామా?

మూర్తి గారు (11:30)
ఇద్దరూ ఆపండయ్యా. ఆ మెయిల్ ఎవరు రాస్తే ఏమిటి, హాలు తిరిగి రాదు. చర్చి ఫెలోషిప్ హాలు 17న మధ్యాహ్నం 2 నుంచి 8 దాకా ఖాళీ, 350 డాలర్లు. ఇబ్బందులు చెప్తాను. స్టేజీ లేదు. సీలింగ్ 9 అడుగులు. ఫైర్ వాళ్ల లెక్కన 140 మందే. వంటగదికి పొగగొట్టం లేదు కనుక నూనె మూకుడు పెట్టనివ్వరు.

రఘు (11:48)
కరెంటు చూశారా బాబాయ్? అలాంటి హాళ్లలో గోడ ప్లగ్గులన్నీ ఒకటి రెండు సర్క్యూట్ల మీదే ఉంటాయి. 20 ఆంపియర్లు, 120 వోల్టులు అంటే 2400 వాట్లు. గంటల తరబడి వాడితే 80 శాతం, 1920 దాటకూడదు. కాఫీ డ్రమ్ము ఒక్కటే 1500 తాగుతుంది. దాని పక్కనే సౌండూ లైట్లూ పెడితే బ్రేకర్ పడుతుంది.

మూర్తి గారు (12:02)
రెండే సర్క్యూట్లు. వంటగదిది వేరు.

శ్రీను (12:10)
స్టేజీ లేకుండా 14 మంది నటులు, 31 క్యూలు. పోయినట్టే.

లక్ష్మి అక్క (మధ్యాహ్నం 1:15)
పోలేదు తమ్ముడూ. తోలుబొమ్మలాటలా చెయ్యి. తోలుబొమ్మల కళాకారుల ఊరు నిమ్మలకుంటలో తెరకీ దీపానికీ స్టేజీ ఎవరు కట్టారు? రాజకీయం తిట్టాలంటే జుట్టు పోలిగాడు, బంగారక్క ఉండనే ఉన్నారు. వాళ్ల పనే అది, రామాయణం మధ్యలో దూరి ఊళ్లో సంగతులు అనడం. వాళ్లనే అంగారకుడికి పంపు.

తెర: తెల్ల కాటన్ కింగ్ సైజు దుప్పటి, 108 ఇంటూ 102 అంగుళాలు. మధ్యలో కుట్టు ఉండకూడదు. పైన 10 అడుగుల ఇనప కాండ్యూట్ పైపు (కరెంటు తీగలకి వాడేది). ప్లాస్టిక్ పైపు వేస్తే మధ్యలో కుంగి తెర ముడతలు పడుతుంది. కింది నుంచి మూడున్నర అడుగులు నల్లగుడ్డ, దానిపైన మూడడుగులు ఆట.

లైటు ఒక్కటే. చిన్న చిన్న బల్బులు వరసగా ఉన్న ఎల్‌ఈడీ పలక తేవద్దు, ప్రతి బల్బూ ఒక నీడ వేస్తుంది, బొమ్మకి అంచులు నాలుగైదు వస్తాయి. ఒకే చిప్పు ఉన్న 30 వాట్ల వర్క్ లైటు, పైన పాల రంగు మూత లేనిది. తెరకి 8 అడుగుల వెనక, 7 అడుగుల ఎత్తున. ఆడించేవాళ్లు తెరకి అడుగు దూరంలో పీటల మీద కూర్చుంటే వాళ్ల నీడ నల్లగుడ్డ మీదే పడుతుంది.

బొమ్మలు: అసలువి నాలుగైదు అడుగులుంటాయి, మనకి రెండు చాలు. బేకింగ్ పార్చ్‌మెంట్ వద్దు, నూనె పీల్చదు. మామూలు గట్టి తెల్ల కాగితం మీద మార్కర్‌తో రంగులేసి, వెనక కొబ్బరినూనె పల్చగా రాసి రాత్రంతా ఇంకనివ్వండి. వెలుగు రంగుల్లోంచి వస్తుంది. కీళ్లకి ఇత్తడి పిన్నులు. పుల్లని జిగురు తుపాకీతో అంటిస్తే నూనె కాగితం మీద ఊడిపోతుంది. వెదురు పుల్లని నిలువునా చీల్చి, బొమ్మని మధ్యలో ఇరికించి, దారం కట్టాలి.

శ్రీను (1:40)
రాకెట్ ఎగరడం?

లక్ష్మి అక్క (1:46)
తెరకి ఆనించి మొదలుపెట్టి, లైటు వైపు మెల్లగా వెనక్కి లాగు. పెద్దదై తెరంతా నిండుతుంది. చప్పుడికి ప్లైవుడ్ చెక్క మీద కాళ్లతో తొక్కండి, తోలుబొమ్మలాట వాళ్లూ అదే చేస్తారు.

మాధవి (2:05)
మూడడుగుల తెర, 220 మంది. వెనక వరసకి ఏం కనిపిస్తుంది అక్కా? పైగా 140 మించకూడదు.

లక్ష్మి అక్క (2:11)
రెండు ఆటలు వెయ్యండి. మూడింటికి 110 మంది, అయిదింటికి 110. 40 అడుగుల లోపే కూర్చోబెట్టండి.

శ్రీను (రాత్రి 10:20)
25 నిమిషాలది 18కి దించాను. పాత్రలు ఆరు, ఆడించేవాళ్లు అయిదుగురు. సైకిల్ తీసేశా. టైమ్ మెషీన్ ఇప్పుడు గంగిరెద్దు. ఏం అడిగినా తల ఊపుతుంది, ఏ ఏడాదికైనా తీసుకుపోతుంది. 2083లో దాన్ని చూడగానే "ఎమ్మెల్యే గారు వచ్చారు" అని దండలు వేస్తారు.

ప్రసాద్ (10:34)
1969 దాకా కాంగ్రెస్ గుర్తు జోడెద్దులు.

శ్రీను (10:35)
ఒక్కటే ఎద్దు అన్నా. కాడి లేదు.

ప్రసాద్ (10:41)
సరే. మెడ దగ్గర పిన్ను ఒక్కటే పెడితే తల ఊగదు, వేలాడుతుంది. గంగడోలు దగ్గర రెండో పుల్ల కట్టు.

రఘు (శుక్రవారం, ఉదయం 8:15)
చర్చికి 350 కట్టాను. సర్టిఫికెట్‌లో పేరు మార్పించాను. ఒకే లైటు కాబట్టి కాఫీ డ్రమ్ముకి ఢోకా లేదు. గారెల బదులు పులిహోర ట్రేలు ఆరు చెప్పాను.

లక్ష్మి అక్క (8:30)
దుప్పటి ప్యాకెట్లోంచి తీసింది తీసినట్టు కట్టొద్దు. మడత గీత చీకట్లో నల్లటి గీతలా కనిపిస్తుంది. తడిపి ఇస్త్రీ చెయ్యాలి.

శ్రీను (8:42)
నా కార్లో 10 అడుగుల పైపు పట్టదు.

ప్రసాద్ (8:50)
ట్రక్కు తెస్తా. ఆరున్నరకి షాపు దగ్గర ఉండు, రెండో కొస నువ్వు పట్టుకోవాలి.