డీటీపీలో ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న (అమలాపురం):
ఏడాదిగా జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను, తెలుగు టైపింగ్ వచ్చు. మొన్న మా మేనత్త గృహప్రవేశం కార్డు ఫొటోషాప్‌లో నేనే చేశాను. స్క్రీన్ మీద కొబ్బరాకులు నిగనిగలాడాయి. అచ్చయి వచ్చిన రెండు వందల కార్డుల్లో ఎండుమట్టల్లా ఉన్నాయి. పైగా అడుగున "విందు" అన్న మాట కోతలో సగం పోయింది. మామయ్య కూర్చుని అన్నిటి మీదా పెన్నుతో "విందు" అని రాశాడు! సిగ్గేసింది. ఇక్కడ డీటీపీ (కంప్యూటర్‌లో కార్డులు, పేజీలు అచ్చుకి తయారుచేసే పని) కోర్సులో పేజ్‌మేకర్, కోరల్, ఫొటోషాప్ చెబుతామంటున్నారు. చేరమంటారా?

జవాబు (పాలకొల్లు):
ఆ పచ్చ మీ తప్పు కాదమ్మా. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగు చూపిస్తుంది, అది ఆర్‌జీబీ. ప్రెస్‌లో ఉండేవి సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ ఇంకులు, అది సీఎంవైకే. ఆ నాలుగూ ఎలా కలిపినా అంత మెరుపు పచ్చ రాదు. మొదటినుంచీ సీఎంవైకేలో చేసుంటే ముందే తెలిసేది.

కోత మాత్రం మీదే. కార్డుల్ని కట్టలుగా పెట్టి కోస్తారు, కాస్త జరుగుతుంది. అందుకే బొమ్మని నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్లు బయటికి వదలాలి, అదే బ్లీడ్. అక్షరాన్ని అంచుకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉంచండి.

ఫొటోషాప్ ఫొటోలకి. కార్డులకీ పాంప్లెట్లకీ కోరల్, పుస్తకాలకి ఇన్‌డిజైన్. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. నాకు అన్నం పెట్టింది అదే, తిట్టను. కానీ మీరు దాని మీద డబ్బు పెట్టకండి.

అంతకంటే ముందు ఇంట్లో పాత శుభలేఖ తీసి, స్కేలుతో కొలిచి, అచ్చం అలాగే చేయండి. అక్షరాల్నీ లైన్ల ఖాళీనీ పాయింట్లలో కొలుస్తారు, 72 పాయింట్లు ఒక అంగుళం. లైన్ల మధ్య ఖాళీ బాగా చూడండి. మనకి పైన గుడి, కింద ఒత్తు. 12 పాయింట్ల అక్షరానికి ఇంగ్లీషులోలా 14 ఇస్తే పై లైను ఒత్తు కింది లైను గుడిని తొక్కుతుంది. నేను 18 ఇస్తాను.

జవాబు (భీమవరం):
డబ్బు పెట్టే ముందు ఇంక్‌స్కేప్ (కోరల్ లాంటిది), స్క్రైబస్ (ఇన్‌డిజైన్ లాంటిది) చూడండి, ఉచితం. అను ఫాంట్లతో చేసిన ఫైలు, ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గుర్తులే. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు అలవాటు చేసుకోండి, వాటిలో టైపు చేసింది ఫాంట్ మారినా తెలుగుగానే ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతుంటే కంపోజర్ అనే సెట్టింగ్‌ని వరల్డ్ రెడీకి మార్చాలి. ప్రెస్‌కి పీడీఎఫ్ పంపండి.

అడిగినవారు:
అమ్మానాన్నల శుభలేఖ కొలిచానండీ. మూడు రోజులుగా అదే పని. లైన్ల మధ్య మీరు చెప్పిన ఖాళీయే ఉంది. కానీ "లక్ష్మీ" అని రెండు చోట్ల ఉంటే, రెండింటిలో "క్ష్మీ" ఒకేలా లేదు. ఎందుకు?

పాలకొల్లు:
ఆయ్, అది సీసపు అక్షరాల పని, ఒక్కో అక్షరం చేత్తో పేర్చి అచ్చువేసేవారు. ఆ అక్షరం ఒక్కటే ఉండి ఉంటుంది, రెండోసారికి వేరే సెట్‌లోది పెట్టేసి ఉంటాడు. వెనక వైపు వేలితో తడిమి చూడండి, నొక్కుడు తగులుతుంది.