అప్‌డేట్: గోవానా, అండమానా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం

శ్రావణంలో పెళ్లి, వెంటనే హనీమూన్‌కి ఏ బీచ్ బాగుంటుందని జులైలో ఇక్కడ అడిగాను. వానల్లో గోవాలో షాక్‌లు (బీచ్‌లో వేసే తాత్కాలిక హోటళ్లు) తీసేస్తారు, సముద్రంలోకి దిగనివ్వరు, అండమాన్‌లో ఫెర్రీలకే గ్యారంటీ ఉండదు, ఆగండి అని ఎక్కువమంది చెప్పారు. మా అత్తయ్యగారు కాస్త మూతి ముడిచారు గానీ, హనీమూన్‌ని జనవరికి వాయిదా వేసి అండమానే వెళ్లాం.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఒక్క రాత్రే ఉన్నాం. హేవ్‌లాక్ దీవిలో మూడు రాత్రులు. ఫెర్రీలో మావారు వికారంతో కళ్లు తెరిస్తే ఒట్టు. ముందే మాత్ర వేసుకోమంటే వింటేగా! దిగాక కొబ్బరినీళ్లు తాగితే గానీ మనిషి కాలేదు.

హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం మిస్ అయ్యేవాళ్లమే. అక్కడ జనవరిలో ఐదుంపావు ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది, మేమేమో హైదరాబాద్ లెక్కలో తీరిగ్గా బయల్దేరాం. పరుగున వెళ్లేసరికి ఇసుక తడిగా, అద్దంలా ఉంది. ఆకాశం ఎరుపంతా మా కాళ్ల కింద. చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాం. ఫొటో తియ్యాలన్న ధ్యాసే లేదు.

నీల్ ఐలాండ్‌లో రాతి వంతెన చూడాలంటే ఆటు సమయం (సముద్రం వెనక్కి తగ్గే వేళ) కనుక్కుని వెళ్లండి. పగడపు ముక్కలు, గవ్వలు ఏరుకుని తెచ్చుకోకండి, చట్టం ఒప్పుకోదు. నేను ఒకటి బ్యాగులో వేసుకుని, డ్రైవర్ చెప్పాక నీళ్లలో వదిలేశా.

అప్పుడు కర్ణాటకలోని గోకర్ణకి వెళ్లమని చెప్పినవాళ్లకి: మొదటి పెళ్లిరోజుకి అదే అనుకుంటున్నాం.