మ్యూజియం ఉద్యోగానికి ఆర్ట్ హిస్టరీయా, మ్యూజియాలజీయా?

తోరణం: బి.ఏ. హిస్టరీ అయిపోవస్తోంది. క్యురేటర్ (మ్యూజియంలో వస్తువుల సేకరణని చూసుకునే అధికారి) అవ్వాలని ఉంది. పీజీ ఎందులో చెయ్యాలి? బొమ్మలు గీయడం రాదు, అది అడ్డమా?

పాతచిట్టా: గీయడం రాకపోయినా పర్లేదండీ, చూసింది చూసినట్టు రాయడం రావాలి. కాలేజీ కంటే ముందు ఉద్యోగం వైపు నుంచి చూడండి. నేషనల్ మ్యూజియం క్యురేటర్ పోస్టులకి యూపీఎస్సీ ఇచ్చిన పాత నోటిఫికేషన్లు తీసి, అర్హతల దగ్గర ఏ సబ్జెక్టుల పేర్లున్నాయో రాసుకోండి. పట్టా మీద పేరు దానికి సరిపోకపోతే వెరిఫికేషన్‌లోనే ఆగిపోతుంది. వస్తువుల నమోదు, నిల్వ, ప్రదర్శన మీద మనసుంటే మ్యూజియాలజీ. పరిశోధన, ప్రైవేటు గ్యాలరీలైతే ఆర్ట్ హిస్టరీ. వడోదర ఎం.ఎస్. యూనివర్సిటీలో రెండూ వేర్వేరు విభాగాలు, మ్యూజియాలజీ 1952 నుంచీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లో ఆర్ట్ హిస్టరీ ఉంది.

పల్నాటిరాయి: పీజీ దరఖాస్తుతో పంపే వ్యాసానికి 'భారతీయ కళా వైభవం' లాంటి అంశం మాత్రం వద్దు. ఒక్క వస్తువు పట్టుకోండి. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం పలక ఒకటుంది, రెండు వైపులా చెక్కింది. వెనక బోధివృక్షం, ఖాళీ ఆసనం, అది క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. ముందువైపు స్తూపం బొమ్మ క్రీ.శ. 3వ శతాబ్దంలో చెక్కారు. అంటే పాత పలకనే తిప్పి వాడుకున్నారు. దీని మీదే నాలుగు పేజీలు రాయొచ్చు: ఆసనం ఎందుకు ఖాళీ, పలకని ఎందుకు తిప్పారు. అన్నట్టు, ఆ శిల్పాలకి 'అమరావతి మార్బుల్స్' అని పేరు పడిపోయింది గానీ రాయి పల్నాటి సున్నపురాయి. పాలరాయి అని రాశారంటే వస్తువుని చూడలేదని అక్కడే తెలిసిపోతుంది.

తోరణం: కండిషన్ రిపోర్ట్ అంటే ఏం రాయాలండీ?

నకాషీ: వస్తువు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో రాసిపెట్టే నివేదిక అది. చేర్యాల పటం (తెలంగాణలో గుడ్డ మీద కథలు చిత్రించే చుట్ట) అనుకోండి. ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, సెంటీమీటర్లలో. తర్వాత పొరపొరగా: గుడ్డ, దాని మీద గంజి, చింతగింజల అంబలి, సుద్ద కలిపిన పూత, ఆపైన రంగు. పురుగు పట్టేది గంజి వల్లే, కాబట్టి వెనకవైపు కూడా చూడాలి. మడతపెట్టిన చోట పూత పగిలి రంగు పెచ్చులూడుతుంది. 'కొంచెం పాడైంది' అంటే ఎవరికీ పనికిరాదు; 'కుడి అంచుకి 12 సెం.మీ. లోపల, 3 సెం.మీ. నిలువు పగులు' అని రాయాలి, ఫొటో మీద గుర్తు పెట్టాలి. వస్తువు దగ్గర పెన్ను వద్దు, పెన్సిలే. చుట్టేటప్పుడు లావుపాటి గొట్టానికి రంగు బయటికొచ్చేలా చుట్టాలి, లోపలికైతే పొర నలిగి లేస్తుంది. ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి.