అప్‌డేట్: స్టాప్‌మోషన్‌లో ఫ్రేమ్ గెంతడం ఆగింది

మట్టి ఏనుగుతో స్టాప్‌మోషన్ (బొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ ఫోటోలు తీసి, వాటిని వీడియోగా కలపడం) తీస్తే వెనకున్న గోడ కూడా గెంతుతోందని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు దొంగ నా వేలే! ఫోటోకి స్క్రీన్ తాకిన ప్రతిసారీ ఫోన్ వెంట్రుకవాసి జరిగేది. మీలో ఒకరు చెప్పినట్టు వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టి, వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేస్తే చాలావరకు పోయింది. మిగతాది ట్రైపాడ్ వల్ల. దాన్ని బొమ్మ ఉన్న బల్ల మీంచి నేలకు దించి, కాళ్లకు టేపు వేసి, మధ్యలో రెండు కిలోల కందిపప్పు సంచి వేలాడదీశాను. (సాయంత్రం పప్పు కోసం అమ్మ వెతుక్కుంది.) సెకను వీడియోకు 12 చొప్పున 96 ఫోటోలు తీశాను, గోడ కదల్లేదు.

కొత్త ట్రైపాడ్ అక్కర్లేకపోయింది. వెలుతురు మిణుకుమనడం వేరే గొడవ: కిటికీ మూసి, ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుతురు మోతాదు) మారకుండా లాక్ చేస్తే అదీ తగ్గింది.